పంకా రెక్కల మీది దాతృత్వము

నంద్యాల కల్యాణమండపంలోనో, ఆళ్లగడ్డ చేరువనున్న అహోబిల సత్రంలోనో ఒకసారి తలపైకెత్తి చూడండి. పంకా రెక్కలపై దాత పేరు, ఆయన తండ్రి పేరు గిరగిర తిరుగుతుంటాయి. కరెంటు బిల్లు కట్టినవాని పేరు మాత్రం ఎక్కడా కానరాదు!

పదవీ విరమణానంతరం ఆళ్లగడ్డలో ఒక చిన్న సేవాసంఘానికి లెక్కలు వ్రాశాను. పలకలకు, అన్నదానానికి చందాలు వచ్చేవి. గది అద్దెకు, ఆడిటరు ఫీజుకు అడిగితే మాత్రం "అది సేవ ఎట్లవుతుంది అయ్యవారూ?" అనేవారు.

చట్టమూ ఆ దాతల బాటనే పట్టింది. విదేశీ విరాళంలో అద్దె, కరెంటు, లెక్కల ఖర్చు వంటి పరిపాలనా వ్యయానికున్న 50 శాతం పరిమితిని 2020లో 20 శాతానికి కుదించింది. ఆ విరాళాన్ని పెద్ద సంస్థ చిన్న సంస్థకు పంచే దారినీ మూసివేసింది. పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సమాజానికి వెచ్చించాలని 2013 కంపెనీల చట్టం విధించింది. మంచిదే. కాని ఆ సొమ్ము అందుకోగోరే సంఘాలకు 2021 నుండి ప్రత్యేక నమోదు తప్పనిసరి. ఆ కాగితాలు నింపే గుమాస్తాకు జీతమెవరిస్తారు?

"లెక్కలడగడం తప్పా?" అందురేమో. కాదు, దొంగ సంఘాలను నేనూ చూశాను. కాని లెక్కలడుగుతూ, లెక్క వ్రాసేవానికి కూలి నిరాకరించడం ఏ ధర్మం?

ఈసారి పంకా ఇవ్వకండి. ఒక ఏడాది కరెంటు బిల్లు కట్టండి. పేరు వ్రాయించుకొనడానికి దానికి రెక్కలుండవు. అదే దాని గొప్పతనం.