ముప్పయ్యో తేదీన అవగాహన ఎవరికి కల్పిస్తున్నారు?

మీ ఫోన్‌లో క్యాలెండర్ ఇమోజీని ఒకసారి చూడండి. చాలా ఫోన్లలో దాని మీద జులై 17 అని ఉంటుంది. ఆ ఒక్క కారణంతో 2014 నుంచి జులై 17ను ప్రపంచ ఇమోజీ దినంగా జరుపుతున్నారు. అదే తేదీ అంతర్జాతీయ న్యాయ దినం కూడా. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పునాది వేసిన రోమ్ ఒప్పందం 1998లో ఆ రోజే కుదిరింది. మనకు మాత్రం జులై 17 అంటే కారంచేడు. 1985లో ఆ ఉదయం భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగలు హతమయ్యారు, ఆడవాళ్లపై అత్యాచారాలు జరిగాయి, బతికినవాళ్లు చీరాలకు చేరి శిబిరంలో తలదాచుకున్నారు. దళిత మహాసభ ఆ శిబిరం నుంచే పుట్టింది. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 దాకా, అంటే 23 ఏళ్లు పట్టింది.

ఆగస్టు 6 కూడా అంతే. లోకానికి అది హిరోషిమా దినం. మనకు హిరోషిమాతో పాటు చుండూరు కూడా. 1991లో అక్కడ ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.

ఒకే తేదీకి ఇన్ని అర్థాలు ఉండటం వింత కాదు. ప్రభుత్వ బళ్లకు, ఆఫీసులకు ఏ అర్థం సర్క్యులర్‌గా వస్తుంది, ఏది రాదు అన్నదే అసలు ప్రశ్న.

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, అంటే ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలోని నందిగామ, జగ్గయ్యపేటల నుంచి చూస్తే ఈ ప్రశ్న స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడి బడిపిల్లలకు అక్టోబర్ 15 చేతులు కడుక్కునే దినం. సిమెంట్ ఫ్యాక్టరీలున్న జగ్గయ్యపేటకు మార్చి 4 జాతీయ భద్రతా దినం. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర దినం. ఆ శనివారం అధికారులు, నాయకులు చీపుర్లు పట్టి ఫోటో దిగుతారు. మిగిలిన రోజులన్నీ ఆ చీపురు పారిశుధ్య కార్మికుల చేతిలోనే ఉంటుంది, వాళ్లలో ఎక్కువ మంది మనవాళ్లే. నవంబర్ 19ని ప్రపంచ మరుగుదొడ్ల దినంగా ఐక్యరాజ్యసమితి 2013లో ప్రకటించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం పదునెక్కి పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా అమలులోకి వచ్చింది కూడా 1976లో అదే తేదీన. మరుగుదొడ్ల దినం బ్యానర్ మీద ఈ సంగతి ఎవరూ రాయరు. మానవ మలాన్ని చేతులతో ఎత్తించడాన్ని నిషేధించిన చట్టం 2013 డిసెంబర్ 6న, అంబేడ్కర్ వర్ధంతి నాడు, అమలులోకి వచ్చింది. ఆ రోజు విగ్రహాలకు దండలు పడతాయి. డ్రైనేజీ గుంటలోకి మనిషిని దించుతున్నారా లేదా అని ఆ రోజైనా అడిగే వేదిక ఉండదు.

ఈ దినాలన్నిటిదీ ఒకటే నమూనా: ర్యాలీ, బ్యానర్, ప్రతిజ్ఞ, ఫోటో. సాయంత్రానికి పని అయిపోతుంది. ఎవరి మీదా బాధ్యత పడదు కాబట్టే ఎవరూ వద్దనరు.

అయితే మన దగ్గర ఒక దినం వేరే తీరుది. అంటరానితనం మీద ప్రభుత్వమే ప్రతి నెలా 30న పౌర హక్కుల దినం జరపాలి. రెవెన్యూ, పోలీసు, సాంఘిక సంక్షేమ శాఖల అధికారులు ఒక ఊరికి వెళ్లి అక్కడి పరిస్థితి చూడాలి. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉందా, గుళ్లోకి రానిస్తున్నారా, మంగలి షాపులో క్షవరం చేస్తున్నారా, శ్మశానానికి స్థలం, దారి ఉన్నాయా అని అడగాలి. జస్టిస్ కె. పున్నయ్య కమిషన్ ఉమ్మడి రాష్ట్రంలో తిరిగి నమోదు చేసింది ఇలాంటి రూపాలనే. పేరుకు ఇదీ దినమే కానీ, నిజానికి ఇది తనిఖీ.

జిల్లా పేజీల్లో దీని గురించి వచ్చే వార్తలు చదవండి. 'దళితులు చట్టాలపై అవగాహన పెంచుకోవాలి' అన్న ధోరణి పదే పదే కనిపిస్తుంది. సభ ఎక్కడ పెడతారు? ఎస్సీ కాలనీలో. ఎవరిని కూర్చోబెడతారు? కాలనీ వాళ్లని. గ్లాసు వేరుగా పెట్టడం తప్పని తెలుసుకోవాల్సింది ఆ గ్లాసులో టీ తాగినవాడా, పోసినవాడా? అంటరానితనం పాటించేది ఊరు, అవగాహన సదస్సు పల్లెలో. దొంగతనాల మీద ప్రచారాన్ని సొమ్ము పోగొట్టుకున్నవాళ్లకే పరిమితం చేసినట్టుంది ఇది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఊళ్లో అందరి మధ్య, పని ఇచ్చే ఆసామి మనిషి వింటుండగా, 'మీ ఊళ్లో వివక్ష ఉందా' అని తహసీల్దారు అడిగితే ఎంతమంది 'ఉంది' అంటారు? 'లేదు' అన్న మాట రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. దాంతో ఆ ఊళ్లో అంటరానితనం లేదని కాగితం తయారవుతుంది. తనిఖీ కాస్తా సర్టిఫికెట్ అయిపోతుంది.

కాబట్టి ముప్పయ్యో తేదీని వదిలేయకూడదు, తిప్పి పట్టుకోవాలి. సభ ఊరి నడిబొడ్డున, రచ్చబండ దగ్గర జరగాలని అడగాలి. హోటల్ యజమానులు, గుడి ధర్మకర్తలు, మంగలి షాపుల వాళ్లు, సర్పంచ్ రావాలని అడగాలి. పల్లె వాళ్లతో అధికారులు విడిగా మాట్లాడాలి. గత నెల రిజిస్టర్ చదివి వినిపించాలి.

రెండో పని, దినాల నుంచి గడువుల వైపు మళ్లడం. అట్రాసిటీ చట్టం 1990 జనవరి 30న అమలులోకి వచ్చింది. అదీ ముప్పయ్యో తేదీనే. దాని నిబంధనల నిండా తేదీలే ఉన్నాయి. బాధితులకు తక్షణ సహాయం 7 రోజుల్లో అందాలి. దర్యాప్తు ముగించి చార్జిషీటు 60 రోజుల్లో వేయాలి. ఆ తర్వాత విచారణ వీలైనంత వరకు 2 నెలల్లో పూర్తి కావాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర స్థాయి విజిలెన్స్ కమిటీ ఏటా జనవరి, జులైలలో కూర్చోవాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకోసారి, డివిజన్ స్థాయి కమిటీ కూడా మూడు నెలలకోసారి కూర్చోవాలి. వీటికి బ్యానర్లు ఉండవు, ప్రతిజ్ఞలు ఉండవు. తప్పితే మాత్రం మనుషులు నష్టపోతారు. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి సెక్షన్ 4 కింద శిక్ష కూడా ఉంది.

నందిగామకు ఈ లెక్క మరీ వర్తిస్తుంది. 2009 ఎన్నికల నుంచి అది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాతో పాటు నందిగామ రెవెన్యూ డివిజన్ కూడా ఏర్పడింది. డివిజన్ స్థాయి కమిటీకి విజయవాడ దాకా పోనక్కరలేదు. అది ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని కేసులు చూసింది, ఎంతమందికి 7 రోజుల్లో సహాయం అందింది? సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు కలిసినా చేయగల పని ఇది.

ఇలా అంటే జయంతులు, వర్ధంతులు దండగ అని కాదు. ఏప్రిల్ 5, 11, 14 తేదీలు మన వాడలకు పండగలు. అంబేడ్కర్ బొమ్మతో ఊరి మధ్య రోడ్డు మీద నడవడం కూడా ఒక హక్కును వాడుకోవడమే. చరిత్రలో తమ తేదీని తాము రాసుకోవడం కింది జనానికి కొత్త కాదు. జగ్గయ్యపేట దగ్గర ధనబోడు కొండ మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించారు. అక్కడి స్తంభాల మీది శాసనంలో తేదీ ఉంది: ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ సంవత్సరం, వానాకాలం ఎనిమిదో పక్షం, పదో రోజు. ఆ రోజు తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు ఇచ్చినవాడు సిద్ధార్థుడు, చేతివృత్తి పనివాడు. తండ్రి నాగచంద్రుడిదీ అదే పని. ఊరికి మాత్రం జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు పెట్టాడు. అంతకు ముందు అది బేతవోలు.

1917 నవంబర్‌లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. 'పంచమ' అన్న పేరే వద్దని సభ పేరును ఆది ఆంధ్ర మహాసభగా మార్చారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ఆంధ్ర అన్న పేరును ఒప్పుకుంది. మన జిల్లాలోనే జరిగిన ఇంత పెద్ద ఘటనకు ఏ బడికీ సర్క్యులర్ రాదు. ఆ రోజును మనమే జరుపుకోవాలి.

అందుకే రెండు క్యాలెండర్లు కావాలి. ఒకటి జ్ఞాపకాలది: జులై 17, ఆగస్టు 6, నవంబర్ మహాసభ. రెండోది గడువులది: 7 రోజులు, 60 రోజులు, మూడు నెలలు. మొదటిది గోడకు తగిలించుకుందాం. రెండోది చేత పట్టుకుని ఆర్డీవో ఆఫీసుకు వెళ్దాం. ఫిబ్రవరిలో ముప్పయ్యో తేదీ లేదు గానీ, అట్రాసిటీ కేసు గడువు ఫిబ్రవరిలోనూ నడుస్తుంది.