దూరస్థ విద్యయు తెలుగు లిపియు

ఢిల్లీ నగరమున తెలుగు చదువువానికి దూరము క్రొత్త విషయము కాదు. 2020 మార్చి 25వ తేదీన దేశమంతటను లాక్‌డౌను విధింపబడినప్పుడు తక్కిన శాఖల ఆచార్యులును, విద్యార్థులును తమకు గ్రంథాలయము దూరమైనదని మొదటిసారి ఆవేదన చెందిరి. తెలుగు పరిశోధకునకు అట్టి స్థితి నిత్యానుభవము. అతనికి కావలసిన ఆకరములు వేటపాలెమున సారస్వత నికేతనమునందును, రాజమహేంద్రవరమున గౌతమీ గ్రంథాలయమునందును, చెన్నపట్టణమున ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునందును, తంజావూరున సరస్వతీ మహలునందును చెదరియున్నవి. వానిలో మిక్కిలి దగ్గఱగా చెప్పదగిన హైదరాబాదు గ్రంథాలయములే ఢిల్లీకి 1,600 కిలోమీటర్లకు మించిన రైలు దూరమున నున్నవి. కావున ఇంటినుండి చదువుటకును, పనిచేయుటకును విశ్వవిద్యాలయములు ఏర్పఱచిన యంత్ర సాధనములు ముందుగా ఎవరికి ఉపకరింపవలెనని విచారించినచో, తెలుగువంటి భాషలకు చెందిన శాఖలకే యని చెప్పవలసియుండును. జరుగుచున్నది మాత్రము ఇందుకు విరుద్ధముగా నున్నది.

ఆ సాధనములు గ్రంథాలయ ద్వారమును తెఱచినవి గాని లోపలనున్న తెలుగు పుస్తకమును తెఱవలేదు. ఇందుకు ధనలోపమొక్కటియే కారణము కాదు. దూరస్థునకు చేయు సహాయమున అతని లిపిని గూర్చిన సహాయమును ఒక భాగముగా విశ్వవిద్యాలయములు ఇంతవఱకు గణింపకపోవుటయే ముఖ్య కారణము.

దూరస్థ విద్యకు ఢిల్లీ చిరకాలముగా నెలవై యున్నది. ఉత్తర ప్రత్యుత్తరముల ద్వారా విద్య గఱపుటకు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము ప్రారంభించిన పాఠశాల దేశమున అట్టివానిలో మొదటిది. నేడది స్కూల్ ఆఫ్ ఓపెన్ లెర్నింగ్ అను పేర నడచుచున్నది. ఆనాటి సాంకేతిక సాధనము తపాలా కవరు. పిదప 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయ మిదియే. నేడు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేర ప్రసిద్ధము. దానికి మొదటి ఉపాధ్యక్షుడైన ఆచార్య జి. రామిరెడ్డియే 1985లో పార్లమెంటు చట్టముచే ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును మొదటి ఉపాధ్యక్షుడై ఢిల్లీకి వచ్చెను. మైదాన్ గఢీలోని ఆ మహాసంస్థ పునాదిలో హైదరాబాదు అనుభవము కలదనుట అతిశయోక్తి కాదు.

ఆ అనుభవములోని సారమును ఇప్పుడు స్మరించుట అవసరము. హైదరాబాదున పాఠములను అచ్చువేసి పంపుటతో పని ముగియలేదు. ఆ పాఠములు తెలుగున వ్రాయబడినవి. ఊరూర నున్న కళాశాలలయందు అధ్యయన కేంద్రములు ఏర్పడినవి. పాఠము అర్థము కానివాడు అచటికి పోయి అడిగినచో అతని భాషలో సమాధానము చెప్పుటకు ఒక మనుష్యుడుండెను. సాధనమును, భాషయు, తోడ్పడు మనుష్యుడును కలిసి వచ్చినందుననే పొలముపనిచేయువాడును, గుమాస్తాయు, గృహిణియు పట్టభద్రులు కాగలిగిరి. ఈ మూడింటిలో నేటి విశ్వవిద్యాలయము మొదటిదానిని మిక్కిలి వృద్ధిచేసి, తక్కిన రెండింటిని మఱచినది.

2020 ఆగస్టున ఢిల్లీ విశ్వవిద్యాలయము తుది సంవత్సరపు విద్యార్థులకు ఇంటియొద్దనే పరీక్షలు జరిపెను. విద్యార్థి ప్రశ్నపత్రమును ఇంటర్నెట్టునుండి దింపుకొని, సమాధానములను కాగితముపై చేతితో వ్రాసి, వానిని ఛాయాచిత్రములుగా తీసి, నియమితకాలము లోపల పంపవలసియుండెను. చేతివ్రాత కావున ఏ భాషవానికైనను లిపివలన ఆటంకము కలుగలేదు. ఆటంకమంతయు పంపుటయందే కలిగినది. 2017-18లో జరిగిన జాతీయ నమూనా పరిశీలన 75వ విడతను బట్టి దేశమున కంప్యూటరు గల కుటుంబములు నూటికి 10.7, గ్రామములయందు 4.4 మాత్రమే. ఇంటర్నెట్టు సౌకర్యము గల గ్రామ కుటుంబములు నూటికి 14.9. ఢిల్లీనుండి శ్రీకాకుళపు పల్లెకో, పాలమూరు పల్లెకో తిరిగిపోయిన విద్యార్థి ఈ అంకెలలోనివాడే. యంత్రము లేనివానికి యంత్రము నెరవిచ్చుట సహాయములలో మొదటిది. ఆ సత్యమును దేశమంతయు అప్పుడే గ్రహించినది.

ఐనను, యంత్రమును, తీగయు సమకూడిన పిమ్మట తెలుగు పరిశోధకునకు లభించున దేమి? నేడు విశ్వవిద్యాలయములు దూరస్థులకై రెండు మార్గములు అవలంబించుచున్నవి. ఒకటి వి.పి.ఎన్. దీనివలన శ్రీకాకుళమున నున్న కంప్యూటరు ఢిల్లీ ప్రాంగణమున నున్నదానివలెనే పరిగణింపబడి గ్రంథాలయపు చందాలను వినియోగించుకొనగలదు. రెండవది, గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడపుచున్న సమాఖ్య. ఇందు తన విశ్వవిద్యాలయపు పేరును, రహస్యపదమును చెప్పిన వ్యక్తికి ఎచటినుండియైనను ప్రవేశము కలుగును. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రిమండలి ఆమోదించిన ‘ఒక దేశము - ఒక చందా’ పథకము వీని పరిధిని ఎంతయో పెంచినది. 2025 మొదలు మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలు. సుమారు 13,000 పత్రికలు. 6,300కు పైగా సంస్థలు. భౌతికశాస్త్ర విద్యార్థికిని, వైద్యవిద్యార్థికిని ఇది నిజముగా మేలు. దీనిని నిందించుట తగదు. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ మొదలగు అంతర్జాతీయ సంస్థలు ఇందలి ప్రధాన ప్రచురణకర్తలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన ‘భారతి’ సంచికలను వెదకు పరిశోధకునకు ఈ 13,000 పత్రికలు తెఱచి యుంచినను ఒకటే, మూసి యుంచినను ఒకటే.

తెలుగునకు సంబంధించిన సంపద యంత్రమునందు లేదని దీని భావము కాదు. ఆచార్య రాజ్‌రెడ్డిగారి ప్రేరణతో, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ముఖ్య పాత్ర వహింపగా, ఈ శతాబ్ది మొదటి దశాబ్దమున సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొలది తెలుగు గ్రంథములను చిత్రీకరించెను. చిత్తూరు జిల్లాలో పుట్టి అమెరికాలో కంప్యూటరు శాస్త్రమున కీర్తిగడించిన తెలుగువాని దూరదృష్టికి భాష ఋణపడియున్నది. ఆ ప్రణాళికయొక్క సొంత స్థానము తరువాత మూతపడినను ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవునందు నేడును దొరకుచున్నవి. సిద్ధాంత వ్యాసములను యంత్రప్రతి రూపమునగూడ సమర్పింపవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో నియమము చేయగా, శోధ్‌గంగయందు లక్షల సంఖ్యలో వ్యాసములు చేరినవి. అందు తెలుగు వ్యాసములును కలవు.

కాని వీనిలో అత్యధిక భాగము పుటల చిత్రములే. పుట కంటికి కనబడునే గాని యంత్రము దానిని చదువలేదు. ఒక పదము ఏ గ్రంథమున మొదట ప్రయోగింపబడినదో, ఒక జాతీయము ఏ మండలమునందలి రచయితలలో కనబడునో తెలిసికొనగోరు పరిశోధకుడు నాలుగువందల పుటలను ఒక్కొక్కటిగా త్రిప్పవలసినదే. పైగా గ్రంథసూచికయందు పేర్లు రోమను లిపిలో, ఒకచో ఒక విధముగను వేఱొకచో వేఱొక విధముగను వ్రాయబడుటచే గ్రంథమున్నను కనుగొనుట కష్టము. ఆంగ్ల విద్యార్థి ఇంటినుండి ఒక క్షణములో చేయుపనికి తెలుగు విద్యార్థి ఒక మాసము వెచ్చించుచున్నాడు. ఇద్దఱికిని విశ్వవిద్యాలయము ఇచ్చిన సౌకర్యము ఒకటే; ఫలము ఒకటి కాదు.

ఇటీవలి సిద్ధాంత వ్యాసముల స్థితి మఱింత శోచనీయము. అవి కంప్యూటరుపై కూర్పబడినవే. ఐనను వానిలో ననేకము పాత అక్షర ముఖములతో కూర్పబడినవి. ఆ ముఖములయందు తెలుగు అక్షరపు ఆకారము రోమను అక్షరపు స్థానమున నుంచబడును. కంటికి తెలుగు, యంత్రమునకు అర్థములేని రోమను అక్షరముల గుంపు. యూనికోడు పద్ధతి ఇట్టిది కాదు. 1991లో వెలువడిన దాని మొదటి పాఠమునందే తెలుగునకు చోటు కలిగినది. 128 స్థానములు తెలుగునకై ప్రత్యేకింపబడినవి. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరము స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను ఆఱు సంకేతములుగా ఉచ్చారణక్రమమున నిలువ చేయబడును. అందుచే ఢిల్లీలో వ్రాసినదానిని హైదరాబాదున వెదకవచ్చును, అకారాదిగా కూర్పవచ్చును. ౘ, ౙలు 2008లోను, నకారపు పొల్లు 2021లోను ఆ పట్టికకు చేరినవి. అనగా ఈ పని ముగిసినది కాదు. భాషావేత్తల సాక్ష్యముతో నేటికిని పెరుగుచున్నది. ఇట్టి సాధనము ముప్పదేండ్లకు పైగా లభ్యమైయుండగా, ఇప్పటికిని పాత ముఖములతో కూర్చిన వ్యాసమును స్వీకరించి భద్రపఱచుట విద్యాసంస్థలకు తగినది కాదు.

యంత్రము చదువగల పాఠము ఎంత మేలు చేయునో తెలియుటకు నిఘంటువులే నిదర్శనము. బహుజనపల్లి సీతారామాచార్యులవారి ‘శబ్దరత్నాకరము’ (1885) మొదలుకొని పెక్కు నిఘంటువులను ‘ఆంధ్రభారతి’ ఒక్కచోట వెదకుటకు వీలుగా నుంచినది. బ్రౌను నిఘంటువును షికాగో విశ్వవిద్యాలయపు దక్షిణాసియా గ్రంథాలయము అట్లే సమకూర్చినది. ఢిల్లీలోని తెలుగు విద్యార్థి నేడు ఇంటినుండి నిజముగా ఉపయోగించుకొనుచున్నవి ఇవియే. మొదటిది భాషాభిమానుల స్వచ్ఛంద కృషి. రెండవది విదేశీయ విశ్వవిద్యాలయపు కృషి. స్వదేశ విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు దీనిని గమనించి ఆత్మపరీక్ష చేసికొనవలసియున్నది.

కొందఱు పండితులు ఇందుకు రెండు ఆక్షేపణలు తెలుపుదురు. పుటను కనులార చదువుటయే పరిశోధన గాని, పదమును యంత్రముచే వెదకించుట పరిశోధన కాదనుట మొదటిది. ఇందు కొంత సత్యము లేకపోలేదు. సందర్భమును వీడి పదములను ఏఱుకొనువాడు తప్పుదారి పట్టును. కాని పదసూచిక లేని గ్రంథముకన్న పదసూచిక గల గ్రంథము మేలని పూర్వపండితులును అంగీకరించిరి. కావ్యములకు పదసూచికలను ఎన్నో యేండ్లు శ్రమించి సిద్ధము చేసిరి. యంత్రము చేయునది ఆ పనియే. రెండవ ఆక్షేపణ బలీయమైనది. చిత్రమునుండి అక్షరములను గ్రహించు యంత్రము తెలుగున తప్పులు చేయుననునది నిజము. థ-ధలు, ప-వలు, బ-భలు తాఱుమాఱగును; పాత అచ్చులోని అరసున్నలు జాఱిపోవును. నూటికి తొంబదియైదు అక్షరములు సరిగా వచ్చినను, 1,500 అక్షరములు గల పుటలో 75 తప్పులు నిలుచును. అట్టి పాఠముపై ఆధారపడి ఛందోవిచారమో, పాఠనిర్ణయమో చేయరాదు. కావుననే దానిని దిద్దుటకు తెలుగు తెలిసిన మనుష్యుడు కావలెను. అతడు సాంకేతిక విభాగమున దొరకడు, తెలుగు శాఖయందే దొరకును.

ఈ విచారమునుండి తేలు కర్తవ్యములు మూడు. మొదటిది, దూరస్థులకై విశ్వవిద్యాలయము నడపు సాంకేతిక సహాయ కేంద్రమున భారతీయ లిపుల టైపింగును, పాత ముఖములనుండి యూనికోడునకు మార్చు విధానమును ఎఱిగినవా రొకరైనను ఉండవలెను. ఢిల్లీ విశ్వవిద్యాలయమునందువలె తెలుగు, తమిళము, బంగాళీ మొదలగు భాషలు ఒకే శాఖలో నున్నచోట ఇట్టివాడు అందఱికిని ఉపకరించును. రెండవది, తెలుగు సిద్ధాంత వ్యాసమును చిత్రరూపమునగాక యూనికోడు పాఠముగా సమర్పింపనిదే స్వీకరింపరాదు. ఇందుకు క్రొత్త ధనము అక్కఱలేదు. శాఖ తీర్మానము చాలును. మూడవది, పరిశోధన పద్ధతులను గఱపు పాఠ్యక్రమమున ప్రతి విద్యార్థియు, రచయిత మరణించి 60 సంవత్సరములు గడచి సర్వజన సొత్తైన ఒక గ్రంథమునుండి కొన్ని పుటలను యంత్రముచే చదివించి, మూలముతో సరిచూచి, దిద్ది ఒప్పగింపవలెను. పాఠపరిష్కరణము దీనికన్న చక్కగా బోధించు మార్గము మఱియొకటి లేదు. విద్యార్థి శిక్షణము పొందును. భాషకు ఒక గ్రంథము దక్కును.

ఈ మూడింటిలో చివరి రెండును తెలుగు శాఖల చేతిలోనివి. సహాయ కేంద్రమువారు తెలుగు ఎఱుగరని నిందించుటకు ముందు, వారికి తెలుగును చూపవలసినవారు తమ వంతు నెఱవేర్చిరా యని ప్రశ్నించుకొనుట న్యాయము. ఊరూర అధ్యయన కేంద్రమున కూర్చుండి విద్యార్థి భాషలో సమాధానము చెప్పిన మనుష్యుని 1982లో హైదరాబాదు మఱవలేదు. ఢిల్లీ ప్రాంగణమునకు దూరముగా, పల్లెలో ఒక లాప్‌టాపు ముందు కూర్చున్న నేటి తెలుగు పరిశోధకునకు అట్టి మనుష్యుడు మరల దొరకవలెను. రాబోవు విద్యాసంవత్సరపు పాఠ్యప్రణాళికా సంఘములు కూడునప్పుడు పై రెండు తీర్మానములను చేపట్టుట అందుకు తగిన ఆరంభము కాగలదు.