ప్రాదేశిక సైనికుడు అనర్హుడా?

వృత్తి విడువని సైనికునకు విశేషవిధులు ఒప్పగింపదగునా యని కొందరు శంకించుచున్నారు. చరిత్ర దీనికి సమాధానము చెప్పియే యున్నది. 1948 నాటి చట్టముచే నేర్పడిన టెరిటోరియల్ ఆర్మీ 1962, 1965, 1971 యుద్ధములలో సేవ చేసినది. 1982లో నెలకొల్పిన దాని పర్యావరణదళము ముస్సోరీ కొండలపై మరల చెట్లు పెంచినది. ఇవి విశేషవిధులు గాక మరేమి?

శిక్షణ చాలదందురా? శిక్షణ నొసగుడు, అర్హతను నిరాకరింపకుడు. తుపాకిగుండు శాశ్వతోద్యోగి యెవడో, తాత్కాలికుడెవడో విచారింపదు. అపాయమున సమానుడైనవాడు అర్హతయందు తక్కువవాడెట్లగును?

సేవకు పిలువబడినవానికి పూర్వపు కొలువు మరల నీయవలెనని ఆ చట్టమే యజమానులను శాసించినది. చట్టము మన్నించిన త్యాగమును మనము చులకన సేయరాదు. ఉద్యోగస్థులైన మన యువకులారా! ఈ శంకలకు వెనుదీయకుడు.