వేగానికి కొలత

మగపిల్లవాడికి పదమూడు, పద్నాలుగేళ్లు రాగానే చూపు వేగం వైపు మళ్లుతుంది. మంగళగిరిలో ఆ చూపుకు ఎదురుగా 16వ నంబరు జాతీయ రహదారే ఉంది. తండ్రి మోటారు సైకిలు తాళంచెవి ఆ వయసులో చేతికందితే ఏమవుతుందోనన్న భయం ప్రతి తల్లికీ ఉంటుంది. తాళంచెవి దాచవలసిందే. కానీ దాచినంత మాత్రాన కోరిక పోదు.

వేగాన్ని ఇష్టపడటం పాపం కాదు. దైవప్రవక్త (స) స్వయంగా గుర్రపు పందేలు జరిపించారు. శిక్షణ పొందిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ విదా వరకు అయిదారు మైళ్లు, శిక్షణ లేనివాటికి అక్కడి నుండి బనూ జురైఖ్ మస్జిద్ వరకు సుమారు ఒక మైలు దూరం నిర్ణయించారని బుఖారీ హదీసుల వల్ల తెలుస్తోంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) కూడా ఆ పందెంలో పాల్గొన్నారు. అంటే వేగాన్ని నిషేధించలేదు, శక్తిని బట్టి దానికి హద్దు ఏర్పరిచారు.

ఆ హద్దును ఇంట్లో కూర్చోబెట్టి నేర్పగల సాధనాల్లో పాత పందెపు కార్ల నమూనా కిట్ ఒకటని మేము భావిస్తున్నాము. జపాన్‌కు చెందిన టామియా సంస్థ 1967లో హోండా పందెపు కారును 12వ వంతు పరిమాణంలో కిట్‌గా తెచ్చింది. తర్వాత లోటస్ 49 కారు కిట్లనూ తయారుచేసింది. నాలుగు మీటర్ల కారు ఇందులో 33 సెంటీమీటర్లకు తగ్గుతుంది. చక్రం, ఇంజను, స్టీరింగు అన్నీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. లెక్కల పుస్తకంలోని నిష్పత్తి అప్పుడు పిల్లవాడి చేతికి తగులుతుంది.

లోటస్ 49 తన మొదటి పందెంలోనే, 1967 జూన్ 4న నెదర్లాండ్స్‌లో, జిమ్ క్లార్క్ చేతుల్లో గెలిచింది. దాని ఇంజను కేవలం కారును నడపదు, కారు వెనుక భాగపు బరువునంతా తానే మోస్తుంది. ముక్కలు అతికించే పిల్లవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఒక కడ్డీ వంకరగా అతికితే నాలుగు చక్రాలూ నేలకు ఆనవు. జిగురు ఆరకముందే తొందరపడితే మొదటికొస్తుంది. గుంటమగ్గం మీద నిజాం అంచు నేసే మన ఊరి నేతగానికి ఈ ఓర్పు కొత్త కాదు. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం)కు కవచాల కడియాలను సరైన కొలతతో అమర్చమని అల్లాహ్ ఆదేశించినట్లు దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరా తెలుపుతోంది.

కిట్ పూర్తయ్యాక తండ్రి కుమారునికి మరో సంగతి కూడా చెప్పాలి. అంతటి నిపుణుడైన క్లార్క్ 1968 ఏప్రిల్ 7న జర్మనీలో మరో పందెపు కారు చెట్లను ఢీకొనడంతో మరణించాడు. అప్పటికి అతని వయసు 32. చేజేతులా నాశనంలో పడవద్దన్న ఖుర్ఆన్ హెచ్చరిక అప్పుడు పిల్లవాడి మనసుకు తగులుతుంది.

బొమ్మలు ధర్మసమ్మతమేనా అని కొందరు సందేహిస్తారు. కారు ప్రాణం లేని వస్తువు. పైగా హజ్రత్ ఆయిషా (రజి) ఆటబొమ్మల మధ్య గుడ్డ రెక్కలున్న గుర్రాన్ని చూసి దైవప్రవక్త (స) మనసారా నవ్వినట్లు అబూ దావూద్ హదీసు ఉంది. డ్రైవరు బొమ్మ విషయంలో మనసు ఒప్పకపోతే దాన్ని అతికించకుండా వదిలేయవచ్చు. 1968 నుండి లోటస్ కార్లపై సిగరెట్ కంపెనీ రంగులు వచ్చాయి గనుక, 1967 నాటి ఆకుపచ్చ కారునే ఎంచుకోవడం మేలు.

ఇవి దిగుమతి సరుకు, ఖరీదైనవి. అప్పు చేసి కొనవద్దు. అట్టముక్క, స్కేలు, కత్తెరతో వీధిలోని ఆటోను 12వ వంతుకు కొలిచి చేసినా ఇదే పాఠం. జిగురు, రంగు వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, చిన్నపిల్లలను దూరంగా ఉంచండి. అస్ర్ నమాజు తర్వాత ఒక గంట ఫోను పక్కన పెట్టి తండ్రి కూడా ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. తాళంచెవి ఎందుకు దాచామో చెప్పడానికి అంతకంటే అనువైన సమయం దొరకదు.