నడవమంటారు సరే, ఎప్పుడు?

“షుగరు ఎక్కువుంది. అన్నం తగ్గించు, రోజూ నడు, బాగా నిద్రపో, దిగులు పెట్టుకోకు.” మందుచీటీతో పాటు స్త్రీలకు అందే సలహా ఇదే. సలహాలో తప్పులేదు. ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా చాలామంది స్త్రీల చేతిలో లేదు.

తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కండరాల్లోకి, కొవ్వులోకి పంపేదీ, కాలేయం అదనంగా చక్కెర వదలకుండా ఆపేదీ క్లోమంలో ఊరే ఇన్సులిన్. కణజాలం దాని మాట వినడం తగ్గితే క్లోమం మరింత ఇన్సులిన్ ఊరించి నెట్టుకొస్తుంది. ఇలా ఏళ్లు గడుస్తాయి. రక్తంలో చక్కెర పెరిగిందని తెలిసేసరికి వ్యవహారం చాలా దూరం వస్తుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారనీ, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారనీ 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కగట్టింది. ఇది లావైనవాళ్ల జబ్బే అనుకోకూడదు. సన్నగా కనిపించేవారికీ పొట్టలోపల కొవ్వు చేరుతుంది.

పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. నడక మందయ్యేది అందుకే. కానీ నర్సీపట్నంలో తెల్లవారకముందే లేచి, నీళ్లూ వంటా పిల్లల బడీ ముగించి, పగలంతా కుట్టుమిషను ముందు కూర్చుని, చీకటిపడ్డాక మళ్లీ పొయ్యి దగ్గరకు చేరే మనిషి ఏ వేళ నడవాలి? కొన్ని రాత్రులు నిద్ర తక్కువైనా కణజాలం ఇన్సులిన్‌కు స్పందించడం తగ్గుతుంది. భయంలో ఊరే కార్టిసాల్ కాలేయం చేత చక్కెర విడుదల చేయిస్తుంది. తాగొచ్చి కొట్టే భర్త ఉన్న ఇంట్లో “దిగులు పెట్టుకోకు” అనడం వైద్యమా? తిండి సంగతీ అంతే. చోడి అంబలి, సామలు తిన్న ఈ ప్రాంతంలో 1983 నాటి రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది. దాన్ని తక్కువ చేయం. కానీ పప్పూ కూరా గుడ్డూ అందరికీ వడ్డించాక ఆమె కంచంలో మిగిలేది అన్నం, చారు.

ఇక హార్మోన్లు. పద్ధెనిమిదేళ్ల పిల్లకు మూణ్ణెల్లకోసారి నెలసరి వస్తుంటే “పెళ్లయితే సర్దుకుంటుంది” అంటారు. అండాశయంలో నీటి బుడగలని చెప్పే పీసీఓఎస్‌లో చాలామందికి కణజాలం ఇన్సులిన్‌కు లొంగదు. పెరిగిన ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోన్లు ఎక్కువగా ఊరిస్తుంది, అండం విడుదల తప్పుతుంది. 1935లోనే షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంతల్ వర్ణించిన ఈ స్థితికి మన ఊళ్లలో ఇంకా గొడ్డుతనమనే పేరు. మెడమీది నల్లటి మందపు చారలను మురికనుకుని రుద్దుకునే పిల్లలెందరో! ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గి కొవ్వు పొట్టకు చేరుతుంది. ఆ వయసు స్త్రీని అడిగేవాళ్లే లేరు.

గర్భంలో మాయ నుంచి ఊరే హార్మోన్లు, బిడ్డకు చక్కెర అందేలా, తల్లి కణజాలాన్ని ఇన్సులిన్‌కు మొండికేయిస్తాయి. క్లోమం తట్టుకోలేకపోతే తల్లికి షుగరు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గర్భిణి తొలిసారి వచ్చినప్పుడూ, 24-28 వారాల మధ్యా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం పరీక్షించాలి. 140 మిల్లీగ్రాములు చేరితే జాగ్రత్తలు మొదలుపెట్టాలి. పరగడుపున రానక్కర్లేదు. కనుక చింతపల్లి వైపు నుంచి ఘాట్ దిగి నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి వచ్చే గర్భిణికీ ఇది చేయవచ్చు. కాన్పయి మాయ పడిపోయాక చాలామందికి చక్కెర తగ్గుతుంది, అందరూ మరచిపోతారు. అలాంటి తల్లికి తర్వాతి ఏళ్లలో మధుమేహం వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి.

బిడ్డకు పెంటావాలెంట్ టీకా మొదటి మోతాదు కూడా ఆరో వారంలోనే. బిడ్డనెత్తుకుని తల్లి ఎలాగూ వస్తుంది. గర్భంలో షుగరు వచ్చిన తల్లికి ఆ రోజే పరీక్ష చేయమని ఏఎన్ఎంనూ, వైద్యాధికారినీ మన సంఘాలు అడగాలి. ఈ పరీక్షకు పరగడుపున రావాలి గనుక, ఆ రెండు గంటలు కూర్చోవడానికి ఒక బెంచీ, నీడ, పరీక్ష అయ్యాక ఆమెకు ఇంత తిండి కూడా అడగాలి.