కథను త్రుంచుటలో నేర్పు

హైదరాబాదు, బెంగుళూరు నగరములలో సాఫ్ట్‌వేరు ఉద్యోగములు చేయు మన కుమార్తెలును కోడండ్రును "ఈ స్టోరీ చాల పెద్దది, విడగొట్టవలెను" అని ఫోనులో తోడివారితో చెప్పుట మీలో పలువురు వినియే యుందురు. అది నవలయు గాదు, సీరియలును గాదు. ప్రోగ్రామును వాడుకొనబోవు మనుష్యునకు ఏమి కావలెనో, ఎందులకు కావలెనో తెలుపు రెండు మూడు వాక్యములకే యూజర్ స్టోరీ యని పేరు. 1990వ దశకము చివర అమెరికాలో క్రైస్లర్ మోటారుకార్ల కంపెనీ జీతముల లెక్కలకై ప్రోగ్రాము వ్రాయుచు కెంట్ బెక్ మొదలగువారు ఈ పద్ధతిని వాడుకలోనికి తెచ్చిరి. కథను చిన్న కార్డుపై వ్రాసి, తక్కిన సంగతి ముఖాముఖి మాటాడుకొని తేల్చుకొనుట వారి ఆచారము.

ఇట్టి కథ ఒకటి రెండు వారములలో ముగియవలెను. "ఇల్లు కదలకుండ కరెంటు బిల్లు కట్టుకొనవలెను" అను కథ అంతలో ముగియునది కాదు. అప్పుడు అనుభవము చాలనివారు తెరమీది రూపమొకరు, లెక్కలు దాచు డేటాబేసు వేరొకరు, బ్యాంకుతో సంబంధము మరియొకరు అని పంచుకొందురు. పని చిన్నదైనట్లే తోచును. కాని మూడును అతుకువరకు ఏ గృహిణియు ఒక్క రూపాయి బిల్లు కట్టజాలదు. తీరా అతుకునాడు ఒకరి పని యొకరిదానితో పొసగదు. మన పిల్లలు అర్ధరాత్రి దాటినను కంప్యూటరు ముందు కూర్చుండుటకు ఇదియు నొక కారణము. బొబ్బట్టు పంచునపుడు ఒక బిడ్డకు పైరేకును, మరియొక బిడ్డకు పూర్ణమును పెట్టుదుమా?

నేర్పరులు మరియొక విధముగా త్రుంతురు. సర్వీసు నంబరు వేసినంతనే కట్టవలసిన సొమ్మెంతయో కనబడుట మొదటి ముక్క. ఇందులో తెరయు డేటాబేసును రెండును కొంచెము కొంచెముగా నుండును, ఇంతమాత్రమే యైనను పనికివచ్చును. యూపీఐ ద్వారా చెల్లించుట రెండవది. కార్డులు తరువాత చూచుకొనవచ్చును. పిమ్మట పాత రసీదులు, అటుపిమ్మట పుట్టినింటి బిల్లు కూడ మనమే కట్టు వీలు. సొమ్ము పోయి బిల్లు కట్టినట్లు చూపనిచో ఏమి చేయవలెనను దానిని మాత్రము చెల్లింపునుండి వేరుచేసి వెనుకకు నెట్టుట నాకు సమ్మతము గాదు.

బిల్ వేక్ అను నాతడు 2003లో మంచి కథకు ఆరు గుణములు చెప్పెను. వానిలో చిన్నదై యుండుట యొకటి, వాడువారికి విలువ గలదై యుండుట యొకటి. చిక్కంతయు ఈ రెంటిని కలుపుటలోనే గలదు. తెరమీద మీటకు రంగు వేయుట చిన్న పనియే, కాని దానివలన నెవరికేమి?

ఇక, త్రుంచినపుడు ఏదో యొకటి వెనుకబడక తప్పదు. తెలుగు అక్షరములు, పెద్ద అక్షరములు, చదువురానివారికి వినిపించు మాట, ఇట్టి కార్డులే తరచుగా "తరువాత" అను వరుసలో చేరును. గడువు దగ్గరపడినపుడు ఆ తరువాత రానే రాదు. ఏ ముక్క ముందు, ఏది వెనుక యని నిర్ణయించు సమావేశములో మనవంటివారి అవసరము నెరిగినవారొకరు ఉండవలెను గదా! మీ యింటి పిల్ల ఆ ఉద్యోగములో నున్నచో, ఈసారి బిల్లు కట్టునపుడు ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీ వ్రేలు తెరమీద నెక్కడ ఆగిపోవునో చూపుడు.