పసివారిని పాఠకులను జేసిన వర్తకులు

వాఙ్మయచరిత్రలు వ్రాయువారు కవులకు ప్రకరణములు కేటాయింతురు. ఆ కవుల కృతులను అచ్చొత్తించి, అంగడిలో నిలిపి, చదువరి చేతికి చేర్చిన వర్తకునకు అధస్సూచికలో నొక పంక్తి దక్కుటయే గొప్ప. ప్రౌఢవాఙ్మయము విషయమున ఈ యుపేక్ష క్షమార్హమే కావచ్చును గాని, స్త్రీలకును శిశువులకును ఉద్దిష్టమైన వాఙ్మయము విషయమున ఇది కేవలము అన్యాయము. ఏలయన, మతాచార్యులును పండితులును బోధింపదగినవారినిగా మాత్రమే యెంచిన ఆ యిరుతెగలవారిని, తమకు రుచించినది కోరి కొనగల పాఠకులుగా గుర్తించినవారు పుస్తకవిక్రేతలు. 18వ శతాబ్దపు లండను నగరము ఇందుకు సాక్ష్యము పలుకును.

అంతకు పూర్వము ఆంగ్లశిశువు చేతికి వచ్చుచుండిన పుస్తకములు ముఖ్యముగా రెండు విధములు. భక్తిపరులైన పసివారు చిన్ననాటనే యెట్లు మరణించిరో వర్ణించి చదువరికి పాపభీతి గొలుపు గ్రంథములు మొదటివి. జేమ్స్ జేన్వే అను మతబోధకుడు 1671లో వెలువరించిన 'ఎ టోకెన్ ఫర్ చిల్డ్రన్' వానిలో ప్రసిద్ధము. ఊరూర తిరుగు చిల్లరవర్తకులు అమ్ముచుండిన సన్నని కథాపుస్తకములు రెండవవి. ఇవి పెద్దలకొఱకు పుట్టినవే యైనను పిల్లలు వానిని విడిచిపెట్టలేదు. మొదటివానిలో హితముండి ప్రియము లేకపోయెను; రెండవవానిలో ప్రియముండెను గాని, హితమున్నదని తల్లిదండ్రులు అంగీకరింపరైరి. చదువు పిల్లలకు శిక్షగాక క్రీడగా నుండవలెనని 1693లో జాన్ లాక్ వాదించెను. కాని ఆ వాదమును కాగితముగను, సిరాగను, సామాన్యుడు చెల్లింపగల వెలగను మార్చుట తత్త్వవేత్త వలన నగు పని కాదు.

స్త్రీల విషయమున ఆ పని ముందే ప్రారంభమయ్యెను. 1704 సంవత్సరమునకు జాన్ టిప్పర్ అను ఉపాధ్యాయుడు సంకలనముచేసిన 'లేడీస్ డైరీ' అను పంచాంగము, అనతికాలముననే పొడుపుకథలతోను గణితసమస్యలతోను నిండి, పురుషులతోబాటు స్త్రీలనుండియు సమాధానములను రాబట్టి, శతాబ్దమునకు పైగా వెలువడుచుండెను. స్త్రీకి గణితమేల యని లోకము ప్రశ్నించుచున్న దినములలోనే, ఆమె గణితమును కొని చదువునని ఒక వార్షికపత్రిక ధైర్యముగా నమ్మెను. ఆ నమ్మకము వమ్ము కాలేదు.

ఇక పిల్లల విషయము. లండనులోని పాటర్‌నాస్టర్ రో అను వీథిలో భర్త మరణానంతరము అంగడిని తానే నడపిన మేరీ కూపరు 1744లో 'టామీ థంబ్స్ ప్రెట్టీ సాంగ్ బుక్' అను చిఱుపుస్తకమును ప్రకటించెను. నేడు మన పట్టణములలో ఆంగ్లపాఠశాలకు పోవు ప్రతి శిశువునకు కంఠస్థమైయున్న నల్లగొఱ్ఱె పాట అందున్నది. అందు రెండవ సంపుటమే లోకమునకు మిగిలినది, మొదటిది నశించెను. పెద్దల గ్రంథములు బీరువాలలో భద్రముగా నుండగా పిల్లల పుస్తకములు చేతులలో నలిగి చినిగిపోయినవి. చరిత్రకారులు వీనిని మఱచుటకు ఇదియు నొక కారణము.

ఆ సంవత్సరముననే జాన్ న్యూబరీ 'ఎ లిటిల్ ప్రెట్టీ పాకెట్ బుక్' వెలువరించెను. ఇతడు 1713లో బర్క్‌షైర్ మండలమున ఒక కర్షకుని యింట పుట్టి, రెడింగు పట్టణమున ఒక ముద్రాపకుని యొద్ద పనిచేసి, లండను చేరి, 1745 మొదలు సెయింట్ పాల్ దేవాలయ ప్రాంగణమున అంగడి నడపెను. అతని పాకెట్ బుక్ వెల ఆఱు పెన్నీలు. ఎనిమిది పెన్నీలిచ్చిన బాలునకు బంతియు, బాలికకు సూదులు గ్రుచ్చుకొను దిండును లభించుచుండెను. ఆ బంతికిని దిండునకును ఒకవైపు ఎఱుపు, మఱియొకవైపు నలుపు. మంచిపనికి ఎఱుపువైపునను, చెడ్డపనికి నలుపువైపునను గుండుసూది గ్రుచ్చవలెను. పువ్వుల అచ్చుగల మెఱుగు కాగితపు అట్టలు, చిన్నచేతికి చాలిన పరిమాణము, పుటపుటకు బొమ్మ: ఇవన్నియు అమ్మకపు టుపాయములే, కాని శిశువును ప్రేమతో గమనింపనివానికి ఇట్టి ఉపాయము లేనాడును తోపవు. 1761లో న్యూటను సిద్ధాంతములను బంతులతోను బొంగరములతోను పిల్లలకు వివరింపజేసినవాడును ఇతడే.

ఇందు దోషములు లేవని నేననను. బాలునకు బంతి, బాలికకు సూదులదిండు నిచ్చిన విభజన ఆ కాలపు సంకుచితత్వమే. తాను విక్రయించుచుండిన జ్వరచూర్ణమును, అది దొరకని చోట నాయిక తండ్రి మరణించెనని ఒక కథలోనే చొప్పించుట వర్తకబుద్ధియే. అయినను ఏ కథలో నీ చూర్ణప్రశంస యున్నదో, ఆ 1765 నాటి 'గూడీ టూ షూస్' లోని నాయిక నొకసారి పరికింపుడు: తల్లిదండ్రులను గోల్పోయిన నిరుపేద బాలిక, తానై చదువు నేర్చి, కొయ్యయక్షరములతో ఊరిపిల్లలకు నేర్పి, తుదకు పాఠశాలకు ఉపాధ్యాయిని యగును. అంతకుముందే 1749లో సారా ఫీల్డింగు తొమ్మండుగురు బాలికల పాఠశాలను కథాస్థలముగా గైకొని 'ది గవర్నెస్' రచించియుండెను. స్త్రీ పాఠకురాలై, రచయిత్రియై, ఉపాధ్యాయినియై, ఆ అంగళ్లలోనే విక్రేతయు నై నిలిచెను. న్యూబరీ వంశపు వ్యాపారమును సైతము అతని సోదరపుత్రుని భార్య ఎలిజబెత్తు, వితంతువైన పిదప 1802 వఱకు నిర్వహించెను.

ఈ కథకును మనకును సంబంధము లేకపోలేదు. న్యూబరీకి గ్రంథములు వ్రాసియిచ్చిన ఆలివర్ గోల్డుస్మిత్తు తన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు'లో అతనిని బాలమిత్రుడగు పుస్తకవిక్రేతగా చిత్రించెను. ఆ నవలయే వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రమునకు ప్రేరణ. ఆ పంతులుగారే 1883లో స్త్రీలకై 'సతీహితబోధిని' పత్రికను స్థాపించిరి. 1947లో 'చందమామ' పుట్టి ఇంటింట పిల్లలచే ఎదురుచూడబడినదన్నచో, అదియు మాసమాసము కొనదగిన వెలకు, కొనదగిన సొగసుతో అంగడికి వచ్చుటచేతనే.

నేడు మనము బాలసాహిత్యమునకు సభలు చేయుదుము, సన్మానములు చేయుదుము. ఒక బాలిక తన చేతి నాణెములతో తనకు నచ్చిన తెలుగుపుస్తకమును కొనుటకు దుకాణ మెక్కడనున్నదని అడుగువారు మాత్రము అరుదు. అమెరికాలో 1922 నుండి పిల్లల గ్రంథకర్తలకిచ్చుచున్న బహుమానము న్యూబరీ పేరనే యున్నది. రచయితకు గౌరవము చేయునప్పుడు విక్రేతను స్మరించిన ఆ దేశీయుల వివేకము మనకు ఆదర్శము కావలెను. శిశువును దయదలచి పుస్తకము దానము చేయుట మంచిదే. శిశువును కొనుగోలుదారునిగా మన్నించి, వాని యిష్టమును ఎఱిగి, వానికందు వెలకు పుస్తకమును సిద్ధపఱచుట అంతకంటె మంచిది. అట్టి అంగళ్లు ఊరికొక్కటి చొప్పున వెలసిననాడు తెలుగు చదువువారు లేరను విలాపము తనంతట అణగిపోవును.